కండె పాటలో ఆఖరి మాట

ఆ పాప మా కేంద్రానికి వచ్చిన మొదటి రోజు ఏడవలేదు. కొత్తగా చేరిన పిల్లలు ఎవరైనా ఏడుస్తారు. కొందరు గడప పట్టుకుని ఏడుస్తారు, కొందరు నా చెయ్యి కొరికి ఏడుస్తారు. ఈ పాప మాత్రం వాళ్ల అవ్వ చెయ్యి వదిలి, చెప్పులు విడిచి, గోడవారన వెళ్లి కూర్చుంది. అవ్వ వెళ్లిపోతుంటే అటువైపు చూడను కూడా చూడలేదు.

నేను ఎమ్మిగనూరులో నేతగాళ్ల వీధిలో అంగన్‌వాడీ టీచర్‌ని. పుట్టింది ఆదోనిలో, పెళ్లయి వచ్చింది ఇక్కడికి. మా కేంద్రం గదికి అటూ ఇటూ మగ్గాల ఇళ్లే. కొత్తవాళ్లకు ఆ చప్పుడు చెవుల్లో పోటు. మాకు మాత్రం అది ఆగినప్పుడే అది ఉందన్న సంగతి గుర్తొస్తుంది.

పాప అవ్వది వీధి చివర ఒంటిగది ఇల్లు. మొగుడు పోయాక మగ్గం తీసేసి, పక్కవాళ్ల మగ్గాలకు రాట్నం మీద కండెలు చుట్టి ఇచ్చేది. కండె అంటే వేలెడంత పుల్ల, దాని మీద నూలు చుట్టి నాడెలో పెడతారు. ఆ నాడె మగ్గంలో అటూ ఇటూ పరుగెడుతుంటే బట్ట తయారవుతుంది. ఆమె కూతుర్ని గోనెగండ్ల దగ్గర ఒక పల్లెకు ఇచ్చారు. కూతురికీ అల్లుడికీ కాస్త మెట్ట చేను ఉంది. వాన ముఖం చాటేసిన ఏడు వాళ్ల ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు పడతాయి. అందరూ గుంటూరు వైపు పత్తి తీయడానికీ మిరపకాయలు కోయడానికీ వెళ్లిపోతారు. దాన్ని మావైపు సుగ్గికి పోవడం అంటారు. నిరుడు పాపను కూడా తీసుకుపోయారట. ఈసారి అవ్వ దగ్గర వదిలి వెళ్లారు.

నాలుగో ఏడు నడుస్తున్న పిల్ల. పేరు అడిగితే నా నోటి వంక చూసింది. మధ్యాహ్నం అవ్వ వచ్చినప్పుడు అడిగాను.

"పాప మాట్లాడదా అవ్వా?"

"ల్యా. సైగ సేస్తాది. ఆకలైతే గిన్నె తెచ్చి సూపిస్తాది."

"మనం చెప్పింది తెలుస్తుందా?"

"అంతా తెలుస్తాది టీచరమ్మా. వీధిలో దీని యెనక పుట్టినోళ్లు కతలు సెప్తాండారు. ఇదొకటే ఇట్లుండాది." ఆమె కొంగు సర్దుకుని, ఇంకేమీ అనకుండా పాప చెయ్యి పట్టుకుంది. ఆమె ఎవరితోనైనా అంతే. మాట అడిగితే మాట, లేకపోతే లేదు.

చెవులు వినబడవేమోనని నాకు అనుమానం వచ్చింది. అవ్వకు ఆ భయం ముందునుంచే ఉన్నట్టుంది. ఆదోని ఆసుపత్రికి పోదాం అన్నాను. మర్నాడు తెల్లారేసరికి పాపకు తల దువ్వి, మా ఇంటి ముందు నిలబడింది.

బస్సులో పాప కిటికీ దగ్గర కూర్చుంది. అది పత్తి కాలం. లారీల్లోంచి రాలిన పత్తి దారి పొడుగునా ముళ్లచెట్లకు అంటుకుని ఉంది. పాప వేలితో చూపించింది. "పత్తి" అన్నాను. మళ్లీ ఇంకో చెట్టు చూపించింది. "పత్తి" అన్నాను. ఆదోని వచ్చేదాకా అదే పని. నేను అన్నంతసేపూ ఆ పిల్ల చూపు చెట్టు మీద కాదు, నా పెదాల మీద ఉంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పాప వెనక నిలబడి చిన్న గంట కొట్టింది. పాప తిరిగి చూసింది. తర్వాత వెనకనుంచే గుసగుసగా పేరు పెట్టి పిలిచింది. దానికీ తిరిగింది. నోరు తెరిపించి చూసింది, చెవులకేవో పెట్టి చూసింది. చివరికి అవ్వను అడిగింది.

"చెవులు బాగున్నాయమ్మా. నాలుక, గొంతు కూడా బాగున్నాయి. ఇంట్లో ఎవరెవరుంటారు?"

"నేను, ఇది."

"పాపతో ఏమేం మాట్లాడతావు?"

అవ్వ చాలాసేపు ఆలోచించింది. "తినుమే అంటాను. పండుకో అంటాను." ఇంకా ఏమైనా ఉందా అని వెతుక్కుంటున్నట్టు ఆగి, "ఇంగేముంటాయమ్మా మాట్లాడేకి?" అంది.

డాక్టరమ్మ నవ్వలేదు. ఫోన్ చూస్తుందా అని అడిగింది. నిరుడు అమ్మానాన్న చేను గట్టున కూర్చోబెట్టి చేతికి ఫోన్ ఇచ్చి పనిచేసుకునేవాళ్లని, ఇప్పుడు కూడా ఇంట్లో ఫోన్ ఇస్తేనే తింటుందని అవ్వ చెప్పింది.

"కొన్నాళ్లు ఫోన్ పక్కన పెట్టండి. చిన్న చిన్న పాటలు పాడండి. ఒకటే పాట మళ్లీ మళ్లీ పాడినా ఫర్వాలేదు. మధ్యలో ఆగండి. పాప జవాబు చెప్తుందని ఆగండి, చెప్పకపోయినా ఆగండి. ఎండాకాలంలో ఒకసారి తీసుకురండి" అంది డాక్టరమ్మ. చివరి మాటలు నా వైపు చూసి అంది.

మా దగ్గర పాటలకు తక్కువ లేదు. కేంద్రానికి వచ్చిన పుస్తకాల్లో ఉన్నవన్నీ పాడాను. మిగతా పిల్లలు గెంతారు, చప్పట్లు కొట్టారు. పాప చూసేది, అంతే. ఆ చూపులో విసుగు లేదు, ఇష్టమూ లేదు. మా ఆయమ్మ వంట చేస్తూ, "గోడకు సెప్పినట్లుండాది" అని నిట్టూర్చేది.

ఒకరోజు పాట మధ్యలో పక్కింట్లో మగ్గం ఆగింది. నూలు తెగినట్టుంది. మగ్గం ఆగగానే పాప తలెత్తింది. కాసేపటికి చప్పుడు మళ్లీ మొదలైంది. అప్పుడు చూశాను, గౌను కింద ఆ పిల్ల కాలి వేళ్లు కదులుతున్నాయి. మగ్గం టక్కుమన్నప్పుడల్లా బొటనవేలు లేస్తోంది. నేను అంతవరకు పాడిన పాట ఆ పిల్ల చెవిలో రెండోది. మొదటిది గోడ అవతల నడుస్తూనే ఉంది.

ఆ సాయంత్రం చిక్కుడుకాయలు ఒలుస్తూ, మా ఇంటి మగ్గం నడకకు సరిపోయేట్టు ఒక పాట కట్టాను. నేను పాటలు కట్టే మనిషిని కాదు. నోటికి వచ్చింది ఇది:

కండె కండె, నూలు కండె
నూలు తాగి బొద్దుగుండె
నాడె ఎక్కి ఊరికి పోయె
అటు పోయె, ఇటు వచ్చె
పోయి వచ్చి సన్నమాయె
చీరెవరికి? అమ్మకి!

మర్నాడు పిల్లలందరినీ గోడవారనే కూర్చోబెట్టి మొదలుపెట్టాను. కండె అన్నప్పుడు పిడికిళ్లు ఒకదాని చుట్టూ ఒకటి తిప్పాలి. బొద్దుగుండె అన్నప్పుడు బుగ్గలు పూరించాలి. సన్నమాయె అన్నప్పుడు చిటికెన వేలు చూపించాలి. పక్కింటి మగ్గం మాకు తాళం వేసింది. పాప కాలి వేళ్లు కదిలాయి. ఆ రోజుకు అదే చాలనుకున్నాను.

తర్వాత రోజుల్లో కాలినుంచి కదలిక చేతికి ఎక్కింది. పిడికిళ్లు తిరిగాయి. తర్వాత బుగ్గలు ఉబ్బాయి. అలా ఉబ్బిన బుగ్గలతో నన్ను చూసి మొదటిసారి నవ్వింది, గాలి ఫుస్సుమని పోయింది, మళ్లీ ఉబ్బించింది.

అప్పుడు డాక్టరమ్మ చెప్పినట్టు ఆగడం మొదలుపెట్టాను. 'చీరెవరికి?' అని అడిగి, ఆఖరి మాట నేను అనకుండా వదిలేసేదాన్ని. పిల్లలు 'అమ్మకి' అని అరిచేవాళ్లు. వాళ్లను కూడా ఆగమన్నాను. పిల్లలను పరుగెత్తమంటే పరుగెత్తుతారు, తెలిసిన మాట మింగి కూర్చోమంటే వాళ్లకు ప్రాణం పోయినట్టు ఉంటుంది. చేతులతో నోళ్లు మూసుకుని, కళ్లు పెద్దవి చేసుకుని అందరూ పాప వైపు చూసేవాళ్లు. పాప రెండు పెదాలూ దగ్గరకొచ్చి మూసుకునేవి. 'మ్మ' అనే చోట ఎలా మూసుకోవాలో సరిగ్గా అలాగే. గొంతు మాత్రం వచ్చేది కాదు.

ఒక మధ్యాహ్నం అవ్వ తనంతట తాను నా దగ్గరికి వచ్చింది.

"టీచరమ్మా, అది గొణుగుతాండాది."

"ఏమని?"

"ఏమని సెప్పల్ల. మాట కాదు, పాట కాదు. ఒగసారి వచ్చి ఇనుపో."

ఆమె వెంట వెళ్లాను. గదిలో రాట్నం పక్కన పాప వీపు మాకు పెట్టి కూర్చుని ఉంది. రాట్నం చక్రం వేలితో మెల్లగా తిప్పుతూ ముక్కుతో రాగం తీస్తోంది. నేను గడప దగ్గరే ఆగిపోయాను. అది నా పాటే. ఒక్క మాట లేదు గానీ, మాటలు ఉండాల్సిన చోట్లన్నీ ఉన్నాయి. 'కండె కండె' అన్న దగ్గర రెండు పొట్టి ఊపులు. 'అటు పోయె, ఇటు వచ్చె' దగ్గర రాగం ఒకసారి అటు, ఒకసారి ఇటు. చివరికి 'చీరెవరికి' దగ్గర రాగం పైకి లేచింది, మనం ప్రశ్న అడిగేటప్పుడు లేస్తుందే, అలా. అక్కడ ఆగింది. చక్రం కూడా ఆపింది. కాసేపు ఉండి మళ్లీ మొదటినుంచి అందుకుంది.

ప్రశ్న అడగడానికి ఒక్క మాట కూడా రాని పిల్లకు ప్రశ్న ఎలా ఉంటుందో తెలుసు. ఇల్లు కట్టేవాళ్లు గోడలు లేవకముందే ముగ్గుపోసి గదులు చూపిస్తారు కదా, ఈ పిల్ల నోట్లో ఆ పని ఎప్పుడో అయిపోయిందనిపించింది. అవ్వ కళ్లు నా ముఖం మీదే ఉన్నాయి. "మంచిదే అవ్వా" అన్నాను. ఆమె తల ఊపింది.

మాట వచ్చిన రోజు వేరే విశేషమేమీ లేదు. ఆయమ్మ పప్పు దించింది. గిన్నెలు కడిగి వరసగా పెట్టాం. పాపను తీసుకుపోవడానికి అవ్వ కాస్త ముందే వచ్చి గుమ్మంలో నిలబడింది. అన్నం పెట్టేలోపల ఒకసారి పాట పాడుకుందామని మొదలుపెట్టాను. 'చీరెవరికి?' అని ఆగాను. పిల్లలు నోళ్లు మూసుకున్నారు. పాప నన్ను చూసింది. తర్వాత గుమ్మం వైపు చూసింది.

"అవ్వకి" అంది.

గొంతు బొంగురుగా ఉంది, వాడని తలుపు తెరిచినట్టు. కానీ మాట స్పష్టంగా ఉంది. మా అందరికీ వినబడింది.

ఒక పిల్లాడు వెంటనే, "తప్పు టీచర్, అమ్మకి అనల్ల" అన్నాడు. వాడి నోరు మూయడానికి కూడా నాకు చెయ్యి లేవలేదు.

"ఏమనె?" అంది అవ్వ.

"చీర నీకంట."

అవ్వ గుమ్మంలోనే కూలబడింది. "నాకా" అంది చాలా మెల్లగా. పాప లేచి వెళ్లి ఆమె ఒళ్లో కూర్చుంది. ఆ రోజు వాళ్లిద్దరూ ఇంటికి వెళ్తుంటే వీధి చివరిదాకా చూస్తూ నిలబడ్డాను. అవ్వ వంగి వంగి ఏదో చెబుతోంది. ఏం చెప్పిందో నాకు తెలియదు. ఆమె అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడగా అంతకుముందు నేను చూడలేదు.

ఇంటికి వెళ్లాక కూడా నా మనసు ఆ ఒక్క మాట మీదే ఉంది. పాట వల్లించిన పిల్ల అయితే 'అమ్మకి' అనాలి. నేను నేర్పింది అదే, రోజూ విన్నది అదే. ఈ పిల్ల అందులోంచి అమ్మను తీసి పక్కన పెట్టి, 'కి' మాత్రం ఉంచుకుని, దాన్ని అవ్వకు తగిలించింది. అమ్మ వేరు, 'కి' వేరు అని ఎవరు చెప్పారు? నేను చెప్పలేదు. అట్లా చెప్పాలని కూడా నాకు తెలియదు. బడిలో విభక్తులు బట్టీ పట్టి రాసిన నాకు, ఆ 'కి' అనే చిన్న అక్షరం అంత పని చేస్తుందని ఆ రోజే తెలిసింది.

తర్వాత ఆ 'కి'తో పాప ఊరంతా తిరిగింది. కోడి కనబడితే "కోడికి" అనేది. బిందె కనబడితే "బిందెకి". పాటలో చీర అందరికీ పంచింది, రొట్టెకీ పిల్లికీ మా ఆయమ్మ చీపురుకీ. ఒకరోజు తన గుండె మీద చెయ్యి పెట్టుకుని "నేనుకి" అంది. మేం నవ్వాం గానీ నాకు నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. 'నేనుకి' అని మా వీధిలో ఎవరూ అనరు. అది విని నేర్చుకున్న మాట కాదు. తన దగ్గరున్న రెండు ముక్కలు కలిపి తానే తయారు చేసుకున్న మాట. తప్పు చెప్పగానే ఆ పిల్ల తెలివి నాకు ఇంకా బాగా కనబడింది.

వాళ్లమ్మ గుంటూరు వైపునుంచి వారానికి ఒకటి రెండుసార్లు ఫోన్ చేసేది. అంతకుముందు పాప ఫోన్ చెవికి పెట్టుకుని ఊరుకునేదట. అవతల అమ్మ పిలిచీ పిలిచీ ఏడుపు గొంతుతో పెట్టేసేదట. ఈసారి ఫోన్ వచ్చే సాయంత్రం నన్ను కూడా రమ్మంది అవ్వ. స్పీకర్ పెట్టాం. అవతల గాలి హోరు, ఎవరివో కేకలు.

పాప ఫోన్ ముందు కూర్చుని పాట అందుకుంది. మాటలు సగం సగం. 'నూలు' కాస్తా 'నూ' అయింది, 'బొద్దుగుండె'లో 'గుండె' మిగిలింది. పాట చివరిదాకా వచ్చి "చీలెవలికి?" అని ఆగింది.

"యాఁ? ఏమంటాండాది మా?" అంది అమ్మ అవతలనుంచి.

చెప్పేద్దామని నా నోటిదాకా వచ్చింది. అవ్వ నా మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది. పాప తొందరపడలేదు. నేను తన కోసం ఎలా ఆగేదాన్నో, అలాగే ఫోన్ వైపు చూస్తూ ఆగింది. కాసేపటికి మళ్లీ అడిగింది. "చీలెవలికి?"

అవతల గాలి ఒక్కటే వినబడుతోంది. తర్వాత ఆ అమ్మ అంది, "ఎవరికి తల్లీ?"

"అమ్మకి" అంది పాప.

అవ్వ ముందు అవ్వకి, అమ్మ ముందు అమ్మకి. ఏ మాట ఎవరికి ఇవ్వాలో తెలిసిన పిల్ల. లైన్ పోయిందేమోనని అవ్వ ఫోన్ చేతిలోకి తీసుకుంది. అప్పుడు చిన్నగా గొంతు వచ్చింది. "ఇంగోసారి అనుమ్మా."

ఉగాది దాటాక వాళ్లు సుగ్గినుంచి తిరిగి వచ్చారు. మర్నాడు పొద్దున్నే ఆ అమ్మ పాపను తీసుకుని కేంద్రానికి వచ్చింది. చిన్న వయసే. మిరప ఘాటుకు వేళ్ల చివర్లు పగిలి ఉన్నాయి. పాపను వదిలి వెళ్లకుండా తనూ పిల్లల వరసలో కూర్చుంది.

"నాకూ నేర్పు అక్కా" అంది.

నేర్పాను. పెద్దదానిలా సిగ్గుపడుతూనే బుగ్గలు పూరించింది. పిల్లలు ఆమెను చూసి ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. తర్వాత అన్నాలు పెడుతుంటే నాతో అంది. "సేన్లో వంగి కోస్తాంటే మాట్లాడేకి ఊపిరి ఉండదక్కా. ఇది గట్టు మీద ఫోన్ సూసుకుంటా సుమ్మునుంటే, మంచి పిల్ల, సతాయించదు అనుకుంటి. పాటలంటే పన్లేనోళ్లు పాడుకుంటారనుకుంటి."

అవ్వ దగ్గరున్న ఆ కొన్ని రోజులూ ఆమె పాపతోపాటు వచ్చేది. ఒకరోజు ఆయమ్మ ఎండు మిరపకాయలు తొడిమలు తీస్తుంటే, ఆమె ఒక కాయ అందుకుని పాప ముందు ఆడిస్తూ, అప్పటికప్పుడు అల్లి పాడింది:

మిరపకాయ మిరపకాయ, ఎర్రగైతివెందుకే?
ఎండ నన్ను ముద్దు పెట్టె, ఎర్రగైతి అందుకే

ఎవరు నేర్పారని అడిగితే, ఎవరూ నేర్పలేదంది. ఆ కాయలు కోసీ కోసీ విసిగిపోయి వచ్చిన మనిషి నోట్లోంచి అంత ముద్దుగా ఆ పాట వస్తే, ఆమెను అలాగే చూస్తూ ఉండిపోయాను. పాప మాత్రం పాటకు నవ్వలేదు. నుదురు ముడేసి ఆలోచించింది.

"ఎండకి నోరు ఉండాదా మా?" అంది.

అది పాప అడిగిన మొదటి పూర్తి ప్రశ్న. వాళ్లమ్మ నన్ను చూసింది, నేను ఆయమ్మను చూశాను.

ఎండాకాలంలో ఆదోనికి వెళ్లినప్పుడు డాక్టరమ్మ ఏ పరీక్షా చేయలేదు. పాపను ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడించింది. కొన్ని అక్షరాలు ఇంకా పలకడం లేదని, వస్తాయని చెప్పింది. తిరుగు బస్సులో పాప కిటికీలో కనబడినవన్నీ చెబుతుంటే ముందు సీటు పెద్దమనిషి వెనక్కి తిరిగి, "ఈ పాప నోరు మూయదా?" అన్నాడు నవ్వుతూ. అవ్వ గర్వంగా "మూయదప్పా" అంది.

ఇప్పుడు పాప గోనెగండ్ల దగ్గర వాళ్ల ఊళ్లోనే ఒకటో తరగతి చదువుతోంది. ఈ ఏడు వానలు ఓ మోస్తరుగా పడ్డాయి, వాళ్లు ఊళ్లోనే ఉన్నారు. మొన్న ఆ ఊరికి ఒక పని మీద వెళ్తే వాళ్లింటికి కూడా వెళ్లాను. పాప నా చెయ్యి పట్టుకుని చేను చూపించడానికి తీసుకుపోయింది. దారంతా మాటలే. బడిలో ఎవరు ఎవరితో మాట్లాడరో, కుక్క ఎన్ని పిల్లలు పెట్టిందో, వాళ్ల నాన్న చెప్పులు ఎందుకు తెగినాయో అన్నీ చెప్పింది. గట్టు మీద ఒక చిన్న పిట్ట తోక పైకీ కిందకీ కొట్టుకుంటూ నడుస్తోంది. దాని పేరేమిటని పాప అడిగింది.

"నాకు తెలియదమ్మా" అన్నాను.

పాప నమ్మలేనట్టు చూసింది. "ఎవరికీ తెలీదా?"

"ఎవరికో తెలిసే ఉంటుంది. నాకైతే తెలియదు."

పాప వంగి ఆ పిట్టను కాసేపు చూసింది. పిట్ట తోక ఆడిస్తూనే ఉంది.

"అట్లయితే నేను పెడతా" అంది. "తోకాటల పిట్ట."

పిట్ట ఎగిరిపోయింది. పాప దాన్ని అదే పేరుతో పిలుస్తూ చేన్లోకి పరుగెత్తింది. నేను గట్టు మీదే నిలబడిపోయాను.